మానెయ్యక్కా అన్నాను

ఆ మాట నేను దొండకాయలు తరుగుతూ అన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. అటువైపు రేపల్లెలో మా అక్క.

"పన్ను పీకించుకుందామని వెళ్తే, ఎముకల ఇంజెక్షన్ ఏమన్నా తీసుకుంటున్నారా అని అడిగాడే ఆ పళ్ళ డాక్టరు. అవునంటే మొహం అదోలా పెట్టాడు. దవడ ఎముక దెబ్బతినడం ఎక్కడో ఒకరికి జరుగుతుందంట. మీ ఎముకల డాక్టర్ని అడిగి రండమ్మా అన్నాడు. ఈ నెల్లోనే నా ఇంజెక్షన్ కూడా. వేయించుకోనా, మాననా?"

"మానెయ్యక్కా," అన్నాను. "నేను మానేసి ఏడాది దాటింది. ఏమైంది నాకు? నడుస్తున్నానుగా."

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత పులుసులో బెల్లం గురించి అంతకన్నా ఎక్కువసేపు మాట్లాడుకున్నాం.

నేను బాపట్లలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. రిటైర్మెంటు ఇంకో ఏడాదిలో ఉందనగా, ల్యాబ్‌లో తడినేల మీద జారి చెయ్యి ఆనించాను. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరమ్మ, "ఇంత చిన్న పాటుకి విరగాల్సిన ఎముక కాదండీ ఇది," అని స్కానింగ్ చేయించింది. ఎముకలు గుల్లబారుతున్నాయని తేలింది. వారానికో మాత్ర రాసింది. ఆదివారం పొద్దున్నే పరగడుపున, పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకుని, అరగంట పాటు పడుకోకుండా, వంగకుండా నిటారుగా కూర్చోవాలి. ఆరేళ్ళు ఒక్క ఆదివారం తప్పకుండా కూర్చున్నాను. మధ్యలో మా ఆయన పోయారు. అక్కకి దగ్గరగా ఉంటుందని తెనాలి వచ్చేశాను. డాక్టర్ని మాత్రం మార్చలేదు. ఏడాదికోసారి బాపట్ల వెళ్ళి ఆవిడకే చూపించుకునేదాన్ని.

అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళకీ పరీక్ష చేయించమని అప్పట్లో ఆవిడే చెప్పింది. నాలుగేళ్ళు పెద్దదైన మా అక్కకి నాకన్నా ఎక్కువగా ఉందని తేలింది. అక్కకి మాత్రలు పడలేదు, గుండెల్లో ఒకటే మంట. తెనాలిలోని ఎముకల డాక్టరు ఆర్నెల్లకోసారి వేసే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆ రోజు పొద్దున్న బండికి దిగి, జబ్బకి సూది వేయించుకుని, నా దగ్గర భోజనం చేసి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేది. నాలుగేళ్ళు అలా నడిచింది.

ఇక నా సంగతి. ఆరేళ్ళు నిండాక డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "చాలండీ, ఇక ఆపుదాం," అంది. ఈ మాత్రల మందు ఎముకలోకి వెళ్ళి దాక్కుంటుందని, ఆపినా కొన్నేళ్ళు దాని పని అది చేస్తూనే ఉంటుందని చెప్పింది. ఏళ్ళ తరబడి అలాగే వాడుతూ పోతే తొడ ఎముక అరుదుగానైనా పగులు తీయొచ్చు కాబట్టి, మీలాంటి వాళ్ళకి విరామం మంచిదంది. "మీలాంటి వాళ్ళకి" అన్న మాట ఆవిడ అన్నది నిజం. ఇప్పుడు చెవిలో గంటలా వినబడుతుంది. ఆవేళ మాత్రం నాకు వినబడింది ఒక్క ముక్కే. ఆపుదాం.

రెండు తెల్ల పొడులు చూడ్డానికి ఒకేలా ఉన్నా లేబుల్ చదవకుండా ముట్టుకోవద్దని ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని కసిరినదాన్ని. మా అక్క మందు పేరేంటో కూడా అడగలేదు.

అక్కకి పన్ను పీకారు. పుండు మానింది. ఇంజెక్షన్ నెల వచ్చింది, వెళ్ళింది. సంక్రాంతికి ఫోన్ చేస్తే, "హాయిగా ఉందే. ఆ సూది భయం లేదు, ఆ ప్రయాణం లేదు," అంది. నాకూ సంతోషమేసింది.

శివరాత్రి వెళ్ళిన వారం నా చెకప్‌కి బాపట్ల వెళ్ళాను. డాక్టరమ్మ నన్ను గోడకి ఆనించి ఎత్తు కొలిచింది, తొడల్లో నొప్పి ఉందా అని అడిగింది. లేదన్నాను. అంతా బాగుందంది. నేను లేవబోతూ, ఏదో మంచి కబురు చెబుతున్నట్టు, "మా అక్క కూడా మానేసిందండి, నాలాగే," అన్నాను.

ఆవిడ రాస్తున్నదల్లా ఆగింది. "మీ అక్కగారు వాడేది ఏంటి?"

"మాత్ర కాదండి. ఆర్నెల్లకోసారి ఇంజెక్షన్."

"ఎవరు ఆపమన్నారు?"

నేను చేతిసంచి తాడు వేలికి చుట్టుకున్నాను.

"చివరిది ఎప్పుడు వేయించుకున్నారు?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఉగాది వెళ్ళాక. పదకొండు నెలలు. ఆవిడ మొహం చూసి మళ్ళీ లెక్కపెట్టాను, తగ్గుతుందేమోనని.

"కూర్చోండి," అంది. "ఆ ఇంజెక్షన్ మీ మాత్రలాంటిది కాదు. అది ఎముకలో నిలవుండదు. వేయించుకున్నన్నాళ్ళే కాపలా. గడువు దాటితే, అప్పటిదాకా ఆగిన అరుగుదలంతా ముందుకన్నా జోరుగా మొదలవుతుంది. కొంతమందికి వెన్నుపూసలు వాటంతటవే నొక్కుకుపోతాయి. ఒకటి కాదు, వరసగా. దాన్ని ఆపకూడదని కాదు, ఆపాలంటే దాని చోట ఇంకో మందు పెట్టాలి. ముందు ఫోన్ చేసి నడుంనొప్పి ఏమన్నా ఉందేమో కనుక్కోండి. వంగొద్దనండి. బరువులు ముట్టుకోవద్దనండి."

వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను. అక్క ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. బావగారికి చేశాను. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, కుడిచెవి సరిగ్గా వినపడదు.

"పడుకుందమ్మా," అన్నారు పెద్ద గొంతుతో. "నడుం పట్టేసింది. నాలుగు రోజులైంది. బియ్యం డబ్బా జరుపుతుంటే కలుక్కుమందంట."

"డాక్టరుకి చూపించారా బావగారూ?"

"ఎందుకూ? పట్టేసిన నడుమేగా. ఇవాళ మర్దన చేసే ఆవిడ వస్తానంది. బాగా తొక్కి, పట్టు విడగొడుతుంది."

"వద్దు! మర్దన వద్దు బావగారూ, రావద్దని చెప్పండి!"

"ఆఁ, ఆఁ. రెండింటికే వస్తానంది," అని పెట్టేశారు.

మళ్ళీ చేస్తే బిజీ. ఇంకోసారి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. అప్పటికి పన్నెండు కావస్తోంది. తెనాలి వెళ్ళి రైలు మారే వ్యవధి లేదు. ఆటో ఎక్కి బస్టాండుకొచ్చి, చెరుకుపల్లి మీదుగా పోయే రేపల్లె బస్సు పట్టుకున్నాను.

ఆ దారి నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం అది తరగలేదు. రోడ్డుకి ఒక పక్కంతా మొక్కజొన్న ఎండబోశారు. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా బస్సు ఆగి, దానికి దారిచ్చి, మళ్ళీ కదిలేది. గతుకు వచ్చి వీపు సీటుకి తగిలినప్పుడల్లా నా వెన్ను కాదు, అక్క వెన్నే తోచేది. ఫోన్ చేస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్నావిడ చూసి చూసి, "ఎవరికన్నా బాగోలేదా అమ్మా?" అంది. మా అక్కకి అన్నాను. "ఏమైంది?" అంది. ఏమైందో చెప్పాలంటే నేనేం చేశానో చెప్పాలి. ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

రేపల్లెలో దిగేసరికి రెండూ ఇరవై. అక్కా వాళ్ళ వీధిలోకి ఆటో రాదు. నడిచాను. పరుగెత్తాలనిపించింది. పడితే ఇద్దరం మంచాన పడతామన్న తెలివి అప్పుడూ ఉంది. గబగబా కూడా నడవలేక, ఆ వందడుగులూ పళ్ళు బిగించి నడిచాను.

లోపల అక్క మంచం మీద పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. స్టూలు మీద వేడి ఆముదం గిన్నె. అరవై దాటిన ఒకావిడ కొంగు దోపుకుని నిలబడి ఉంది.

"చెయ్యి వెయ్యొద్దమ్మా!" అని గుమ్మంలోంచే అరిచాను.

ఆవిడ నావంక చూసి, "వెయ్యలేదమ్మా," అంది నెమ్మదిగా. "వేలు ఆనించేసరికే ఈమె ఊపిరి బిగబట్టేసింది. పట్టేసిన నడుమైతే ఇట్టా ఉండదు. ఎముకలాగుంది, ఆస్పత్రికి తీసుకెళ్ళండయ్యా అంటే మాస్టారు వినట్లా."

ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడ కొంగు విడుచుకుని, గిన్నె తీసి వంటింట్లో పెట్టి, మంచినీళ్ళు తెచ్చి నాకే ఇచ్చింది.

ఆవిడ వెళ్ళాక అక్క దగ్గర కూర్చున్నాను. అక్క కళ్ళు మూసుకునే, "ఎందుకే ఇంత హడావిడి? తగ్గుతుందిలే," అంది. మాట సన్నగా వచ్చింది. దగ్గొస్తే రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుంది.

డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. చివర్లో, "నీకు మానెయ్యమని చెప్పింది నేనేనక్కా," అన్నాను.

మంచం పక్కనే నిలబడ్డ బావగారు విన్నారు. ఎడమచెవి ఇటే ఉంది.

"అవునమ్మా, నువ్వే," అన్నారు. "నేను తెనాలి డాక్టర్ని అడుగుదామన్నాను. మా చెల్లెలు ల్యాబ్‌లో పనిచేసింది, దానికి తెలీదా అంది మీ అక్క."

ఆయన గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఆయన వీధిలోకి వెళ్ళాక అక్క కళ్ళు తెరిచింది. "ఆయన మాటకేం గానీ, నేను నీకు ఎందుకు ఫోన్ చేశానో తెలుసా? డాక్టర్ని అడిగితే వేయించుకోమంటాడు. నీకు చేస్తే మానెయ్యమంటావు. నాక్కావలసింది అదే. అందుకే నీకు చేశా."

ఆ మాటతో నా బరువు కొంచెం దిగుతుందనే అక్క అన్నదేమో. దిగలేదు. ఆవిడ భయం ఆవిడది. లేబుల్ చదవాల్సింది నేను.

మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడి తెనాలి బయల్దేరాం. వెనక సీట్లో అక్కని పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు సీట్లో బావగారు, స్పీడ్‌బ్రేకర్ కనబడ్డప్పుడల్లా "మెల్లగా, మెల్లగా" అని డ్రైవరుకి చెబుతూనే ఉన్నారు. వేమూరు దాటాక ఒకటి ఆయన కంట పడలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని పిసికిన గుర్తు రెండు రోజులుంది.

ఎక్స్‌రేలో రెండు పూసలు. ఇటుక మీద ఇటుక ఉండాల్సిన చోట, మధ్యలో రెండు మాత్రం ముందువైపు నలిగి, చీలికల్లా ఉన్నాయి. తెనాలి డాక్టరు పెద్దాయన, ముక్కోపి. ఫిల్ము వెలుతురుకి పట్టుకుని, "ఆర్నెల్లు తప్పకుండా రావాలని చెప్పానా లేదా?" అన్నారు.

"చెప్పారండి," అంది అక్క. పడుకునే, నెమ్మదిగా అంది. "రాకపోతే ఏమవుతుందో చెప్పలేదండి."

ఆయన కోపం అక్కడ ఆగిపోయింది. ఫిల్ము కింద పెట్టారు. కుర్చీ అక్క మంచం పక్కకి లాక్కుని కూర్చున్నారు.

"పన్ను విషయం నన్నడిగుంటే, సూది గడువు దగ్గర పడ్డాక పన్ను పీకించి, చిగురు మానేదాకా రెండు మూడు వారాలు ఆగి వేసేవాణ్ణి. సరే, అయిపోయింది. ఇప్పుడు ఆ ఇంజెక్షన్ మళ్ళీ మొదలుపెట్టాలి. ఇవాళే అంటాను నేను. ఆలస్యమయ్యేకొద్దీ ఇంకో పూస పోతుందేమోనని నా భయం."

"వద్దండి," అన్నారు బావగారు.

అందరం ఆయన వైపు చూశాం.

"ఆపితే ఎముకలు విరగ్గొట్టే మందు ఏం మందండి? మళ్ళీ మొదలుపెడితే ఇక చచ్చేదాకా వదలదు. రేపు నేను లేకపోతే, ఈవిణ్ణి ఆర్నెల్లకోసారి ఎవరు తీసుకొస్తారు? ఒకసారి తప్పితేనే ఇలా అయింది. ఇంకోసారి తప్పదని ఏంటి నమ్మకం?"

ఆయన మొండిగా అన్నది కాదు. లెక్కల మాస్టారి మాట. దవడ భయం అలాగే ఉంది. ఇంకో రెండు పళ్ళు కదులుతున్నాయి. వేస్తే ఒక భయం, వెయ్యకపోతే ఇంకోటి. డాక్టరు, "పది నిమిషాలు మాట్లాడుకోండి," అని బయటికి వెళ్ళారు.

గదిలో ముగ్గురం మిగిలాం. అక్క నావంక చూసింది.

"నువ్వేమంటావే?"

వేయించుకోమంటే, రేపు ఏదన్నా అయితే మళ్ళీ నేనే. వద్దంటే, ఇంకో పూస. అక్క కళ్ళు నా మీదే ఉన్నాయి. బావగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. వింటున్నారని ఆయన మెడ చూస్తేనే తెలుస్తోంది.

"నేను వెయ్యమనను, వద్దనను," అన్నాను చివరికి. "నువ్వు ఏమేం అడగాలనుకుంటున్నావో చెప్పు. రాస్తాను. ఆయన వచ్చాక ఒక్కటీ వదలకుండా అడుగుతాను."

బ్యాగులో నా పాత ప్రిస్క్రిప్షన్ వెనక రాశాను. వేయించుకుంటే విరిగినవి అతుక్కుంటాయా? ఎన్నాళ్ళు? పళ్ళ సంగతేంటి? ఒక నెల ఆలస్యమైతే? అక్క చెబుతుంటే రాస్తున్నాను. కిటికీ దగ్గరనుంచి బావగారు, వెనక్కి తిరక్కుండానే, "ఎప్పటికైనా దీన్నుంచి బయటపడే దారి ఉందా, అది రాయి," అన్నారు.

డాక్టరు వచ్చాక అన్నీ అడిగాను. దాచకుండా చెప్పారు. విరిగినవి మానతాయి గానీ నలిగిన ఆకారం తిరిగి రాదు. ఇంజెక్షన్ పని, మిగతావాటిని కాపాడటం. కదిలే పళ్ళు ముందే చూపించి, ఆయనా పళ్ళ డాక్టరూ మాట్లాడుకుని చెయ్యాలి. దవడ సమస్య రాదని రాసివ్వలేనన్నారు. అరుదు అన్నారు. వెన్ను సంగతి మాత్రం అరుదు కాదు, కళ్ళ ముందే ఉందన్నారు. బావగారి ప్రశ్నకి, "ఉందండి," అన్నారు. "ఎముక నిలదొక్కుకున్నాక, గడువు తప్పకుండా, సెలైన్‌లో ఎక్కించే ఇంకో మందిస్తాం. అది ఎముకలో నిలవుండేది. మెట్టు దిగాక ఇంకో మెట్టు ఉంటుంది. మీ ఆవిడ కింద మెట్టు లేని చోట కాలు పెట్టారు."

అక్క జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. "వెయ్యండి," అంది.

సూది వెయ్యడం అయిపోయింది గానీ భయం పోలేదు. మందు పట్టు బిగించేలోగా ఇంకోటి విరగొచ్చని డాక్టరు చెప్పారు. నెలన్నర అక్కని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. నడుముకి బెల్టు. పక్కకి దొర్లి లేవాలి, ముందుకి వంగకూడదు. తుమ్ము వస్తుందంటే వెళ్ళి భుజాలు పట్టుకునేదాన్ని. ఒకరోజు పొద్దున స్నానాలగదిలోంచి "అమ్మా" అని వినబడింది. పరుగెత్తాను. సబ్బు జారి కింద పడింది, అంతే. వంగకుండా నిలబడి, దాన్ని చూస్తూ ఉంది. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వు ఆగాక ఏడుపొచ్చింది.

బావగారు రెండు రోజులకోసారి వచ్చేవారు. నాతో అవసరమైన మాటే. అన్నం వడ్డిస్తే తినేవారు. ఐదో వారంలో ఒకరోజు, చెయ్యి కడుక్కుని, "ఆ కాగితం ఉందా, ప్రశ్నలు రాసింది? పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను," అన్నారు. ఇచ్చాను. క్షమించారని అనుకోను. ఆ విషయం మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

మూడో పూస విరగలేదు. నొప్పి రెండు నెలలకి ఓర్చుకునేంతకి వచ్చింది. అక్క రెండంగుళాలు తగ్గింది. చీర కుచ్చిళ్ళు ఎంత సర్దినా నేలకి జీరాడుతున్నాయని విసుక్కుంటుంది. అటక దాకా చెయ్యి అందదు. పెళ్ళిళ్ళలో ఫొటోకి నిలబడమంటే కుర్చీ అడుగుతుంది. మొన్న గడువు రోజున రెండో ఇంజెక్షన్ అయింది. పళ్ళు రెండూ అంతకు కొన్ని వారాల ముందే పీకించారు, చిగుళ్ళు మానాయి.

ఇప్పుడు నా వంతు వచ్చింది. పోయిన నెల స్కానింగ్‌లో నా తుంటి ఎముక కొంచెం తగ్గింది. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఇంకో ఏడాది విరామం సాగించి చూడటం, లేదా ఏడాదికోసారి ఎక్కించే మందు మొదలుపెట్టడం. వెంటనే మొదలుపెట్టమన్నాను.

"అది మీ ఎముకలు చూసి అంటున్నారా, మీ అక్కగారివి చూసి అంటున్నారా?" అంది.

వారం టైము అడిగాను. ఆ వారమంతా మెట్లు దిగుతున్నప్పుడల్లా పక్కనున్న కమ్మీ పట్టుకున్నాను, తొడ మీద చెయ్యి వేసి నొక్కి చూసుకున్నాను. లేని నొప్పి ఉన్నట్టే అనిపించింది. మళ్ళీ వెళ్ళి, ఈ ఏడాదిలో ఏం జరిగితే విరామం ఆపాలో చెప్పమన్నాను. కొత్తగా ఏ ఎముక విరిగినా, ఎత్తు తగ్గినా, వచ్చే స్కానింగ్‌లో ఇంకా దిగినా. అవి చీటీ మీద రాయించుకున్నాను. ఇంకో ఏడాది ఆగుదామని అనుకున్నాం.

సరైన నిర్ణయమో కాదో నాకు తెలియదు. ఆవిడకీ పూర్తిగా తెలియదని ఆవిడే ఒప్పుకుంది. బయటికి వచ్చేసరికి స్టేషన్ వైపు రోడ్డంతా వానకి తడిసి ఉంది. చెప్పులు జారకుండా, ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ, తెనాలి బండి టైముకి వెళ్ళాను.